మరోదా నీళ్లకు అలవాటైన కుక్కతో చింతపల్లి సముద్రానికి

భిలాయి నుంచి కుక్కను వెంటబెట్టుకుని సముద్రానికి వెళ్లొచ్చామంటే మా స్మృతి నగర్ వీధిలో ఇప్పటికీ నవ్వుతారు. సముద్రానికి ఇంత దూరంగా బతికేవాళ్లకు అది అక్కర్లేని సరదా. మాకు మాత్రం అక్కర ఉంది. అమ్మ పోయిన తర్వాత మా నాన్న ఇల్లు కదలడం మానేశారు. ముప్పై ఏళ్లకు పైగా బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. ఆయన్ని రోజూ తెల్లవారకముందే మంచం మీంచి లేపి, చెప్పులు తొడిగించి బయటికి నడిపించే శక్తి బిల్లెట్ ఒక్కడికే ఉంది. బిల్లెట్ మా కుక్క. ప్లాంటులో ఎర్రగా కాలి రోలింగుకు పోయే పొడవాటి ఉక్కు దిమ్మను బిల్లెట్ అంటారు. రంగులోనూ పొడవులోనూ మావాడు దానికి తీసిపోడని నాన్న ఆ పేరు పెట్టారు. అమ్మ ఉన్నప్పుడు కుక్కను గుమ్మం దాటి లోపలికి రానిచ్చేది కాదు. ఇప్పుడు వాడు ఆవిడ మంచం కిందే పడుకుంటాడు.

నాన్న పుట్టిన ఊరు చింతపల్లి దగ్గర. విజయనగరం జిల్లాలో, పూసపాటిరేగ దాటితే వచ్చే సముద్ర తీరం అది. ఓసారి వెళ్లొద్దామా అని ఎన్నిసార్లు అడిగినా, "ఈణ్ణెవరు చూస్తారే?" అని కుక్కను చూపించి తప్పించుకునేవారు. ఈసారి నేనూ మొండికెత్తాను. "వాణ్ణీ తీసుకెళ్దాం" అన్నాను. ఆయన కాసేపు పేపరు చదువుతున్నట్టు నటించి, "సముద్రం చూస్తే జడుస్తాడేమో" అన్నారు. ఒప్పుకున్నట్టే లెక్క.

ముందు దుర్గ్ స్టేషన్‌కు వెళ్లి రైలు సంగతి కనుక్కున్నాను. ఫస్ట్ ఏసీలో ఒక కూపే మొత్తం మనదైతే కుక్కను వెంట ఉంచుకోవచ్చట. లేదంటే గార్డు పెట్టెలో ఉండే గూట్లో పెట్టాలి. మేం వెళ్దామనుకున్న రోజుకు కూపే దొరకలేదు. గూడు సంగతి చెబితే నాన్నకు కోపమొచ్చింది. "డబ్బాలో పెట్టడానికి ఈడేటి నేరం చేశాడు?" అన్నారు. అలా కారు అద్దెకు తీసుకున్నాం. డ్రైవరు భిలాయిలోనే మరోదా వైపు ఉండే శ్రీను భయ్యా. శ్రీకాకుళం వాళ్ల అబ్బాయే అయినా పుట్టి పెరిగింది ఇక్కడే. కారు, పెట్రోలు, అతని భత్యం అన్నీ కలిపితే రానూపోనూ పాతిక వేల దాకా అయింది. ఇద్దరు మనుషులకు రైలు దీనికన్నా చాలా చవక, మీరు వెళ్లాలనుకుంటే కూపే కోసం ముందుగానే ప్రయత్నించండి.

బయలుదేరే ముందు నేను చేయని ఏర్పాటు లేదు. నా స్వభావమే అంత, ఇంట్లో నన్ను సేఫ్టీ ఆఫీసరంటారు. రేబీస్ టీకా కాగితం, పిడుదులు పట్టకుండా మందు, కాళ్లకు గాయమైతే కట్టు, పొడవాటి తాడు, మెడకు నా ఫోన్ నంబరున్న బిళ్ల. మా వీధి చివర ఆస్పత్రి పెట్టుకున్న కుక్కల డాక్టరు మన తెలుగమ్మాయే. తను ఇసుక వేడి చూసే పద్ధతి చెప్పింది. అరచేతి వెనక భాగాన్ని ఇసుక మీద ఆన్చి ఐదారు సెకన్లు ఉంచలేకపోతే అక్కడ కుక్కను నడిపించకూడదు. వలల్లో ఇరుక్కున్న గాలాల గురించి, ఒడ్డున చచ్చిపడిన చేపలు నోట పెట్టనివ్వకపోవడం గురించీ చెప్పింది. అన్నీ బుర్రలో ఎక్కించుకున్నాను.

మార్చి మొదటి వారంలో ఓ తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరాం. ధమ్తరిలో పోహా, జిలేబీ తిన్నాం. రెండు గంటలకోసారి ఆగి బిల్లెట్‌ను దింపి, నీళ్లు పట్టి, నాలుగడుగులు తిప్పేవాళ్లం. కడుపు ఖాళీగా ఉంటే ప్రయాణంలో వాంతులు తక్కువని పొద్దున వాడికి తిండి పెట్టలేదు. కేశ్‌కాల్ ఘాట్ మలుపులు మొదలవుతుంటే శ్రీను భయ్యా అద్దంలోంచి వెనక్కి చూశాడు.

"దీదీ, ఘాట్‌లో వీడికి ఉల్టీ అయితే సీటు ఎవరు సాఫ్ చేస్తారు?"

"నాను చేస్తాన్రా బాబూ. నువ్వు ముందుకు చూసి నడుపు" అన్నారు నాన్న.

వాడికేమీ కాలేదు. మలుపులన్నీ నిద్రలోనే దాటేశాడు. వాంతి చేసుకున్నది నేను. నాన్న ఆ మాట జగ్దల్‌పూర్ చేరేదాకా నాలుగుసార్లు గుర్తుచేశారు. మధ్యాహ్నానికి జగ్దల్‌పూర్‌లో దిగి, కుక్కను రానిచ్చే హోటలు కోసం మూడు చోట్ల అడిగి, చివరికి పదిహేను వందలకు కింది అంతస్తులో ఒక గది సంపాదించాం. ఒకే రోజులో పోవడం మనుషులకు కష్టం కాదు గానీ కుక్కకు మంచిది కాదు. మధ్యలో ఒక రాత్రి ఆగండి. మర్నాడు కోరాపుట్ మీదుగా కొండలు దిగి సాలూరు చేరేసరికి ఎండ చురుక్కుమంది. బోర్డుల మీద తెలుగు కనబడగానే నాన్న గొంతు మారింది. గజపతినగరంలో టీ కొట్టువాడితో పది నిమిషాలు మాట్లాడి, అతనికి తెలిసినవాళ్లలో తనకు తెలిసినవాళ్లను వెతికి పట్టుకున్నారు. విజయనగరం దాటి, పూసపాటిరేగ మీదుగా చింతపల్లి చేరేసరికి సాయంత్రం నాలుగు. తీరానికి దగ్గర్లో అద్దెకిచ్చే రెండు గదులు ముందే మాట్లాడుకున్నాం. వంట చేసిపెట్టే ఆవిడ పేరు నూకరత్నం. అరవై దగ్గర పడిన మనిషి, మాట గట్టిది. బిల్లెట్‌ను చూసి, "ఇదేటి బాబూ, ఇంత దూరం నుంచి కుక్కని మోసుకొచ్చేరు? మా కాడ కుక్కల్లేవేటి?" అంది.

"ఇది కుక్క కాదమ్మా, మా సూపర్‌వైజర్" అన్నారు నాన్న. అమ్మ పోయాక ఆయన కొత్తవాళ్లతో హాస్యమాడటం నేను వినడం అదే మొదలు.

ఆ రాత్రి అందరం తొందరగా పడుకున్నాం. మర్నాడు పొద్దు పొడిచే వేళకు తీరానికి వెళ్లాం. సముద్రం అంచున ఆకాశం ఎర్రబడుతోంది, ఇసుక చల్లగా ఉంది. బిల్లెట్ మొదటి కెరటం చూసి తోక ముడిచి నాన్న లుంగీ వెనక దాక్కున్నాడు. రెండోదాన్ని చూసి మొరిగాడు. మూడోది వెనక్కి పోతుంటే దాని వెంటబడి తరిమాడు. సముద్రం తనకు భయపడి పోతోందని వాడికి నమ్మకం కుదిరింది. ఇక ఆగలేదు. నాన్న ఎండిన కొబ్బరి డొక్క ఒకటి నీళ్లలోకి విసిరేవారు, వాడు ఈదుకుంటూ పోయి నోట కరుచుకుని తెచ్చేవాడు. మరోదా చెరువు దగ్గర రోజూ ఆడే ఆటే ఇది. ప్లాంటుకు నీళ్లిచ్చే ఆ పెద్ద చెరువు గట్టున వాడు పుట్టాడు, అక్కడే ఈత నేర్చాడు, ఈదుతూ ఈదుతూ నాలుక చాపి నీళ్లు తాగడమూ అక్కడే నేర్చాడు. అందుకే మా వాకింగులో నీళ్ల సీసా పట్టుకెళ్లే అలవాటు మాకెప్పుడూ లేదు. ఆ పొద్దునా పట్టుకెళ్లలేదు. గాలాలు చూసుకున్నాను, ఇసుక చూసుకున్నాను. బిల్లెట్ కెరటాల అంచున నిలబడి గటగటా నాలుక ఆడిస్తుంటే ఫోటోలు తీశాను. బాగా వచ్చాయని మురిసిపోయాను కూడా.

నాన్నను చూస్తూ కూర్చున్నాను. మోకాళ్లు పట్టేసిన మనిషి మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి కేకలేస్తున్నారు. చిన్నప్పుడు ఇక్కడ ఏ రాయి మీద నుంచి దూకేవాళ్లో కుక్కకు చెబుతున్నారు. వెనక్కి పిలవబుద్ధి కాలేదు. ఎనిమిది దాటాక ఇసుక మీద చెయ్యి ఆన్చి చూశాను, ఇంకా ఓర్చుకునేలాగే ఉంది. అయినా చాలని ఇద్దర్నీ బయటికి లాగాను.

గదులకు వచ్చే దారిలోనే బిల్లెట్ వాంతి చేసుకున్నాడు. అంతా నీళ్లే, పైన నురగ. ఇంకాసేపటికి మరోసారి. వరండాలోకి వచ్చాక విరేచనమైంది. తర్వాత నేల మీద వాలిపోయి, నాలుక బయటపెట్టి రొప్పసాగాడు. లేవమంటే లేచాడు గానీ వెనక కాళ్లు ఒకదానికొకటి తగులుకుంటూ పక్కకు తూలాడు. నాన్న మొహంలో రంగు పోయింది. ప్లాంటులో ఆర్డరు వేసినట్టు మాట్లాడారు.

"ఎండ దెబ్బ. నూకరత్నమ్మా, మజ్జిగుందేటి? బేగి ఒక గిన్నెడు ఒట్టుకురా."

ఆవిడ తెచ్చింది. నాన్న తన సంచీలోంచి చిన్న స్టీలు డబ్బా తీశారు. అందులో ఉప్పు. ఫర్నేస్ ముందు పనిచేసేవాళ్లకు ఉప్పంటే ప్రాణం. చెమటలో ఉప్పంతా పోయి మనిషి కళ్లు తిరిగి పడిపోతే ఉప్పు వేసిన మజ్జిగే వైద్యం. రిటైరై ఇన్నేళ్లయినా ఆ డబ్బా లేకుండా నాన్న వేసవిలో గడప దాటరు. నాకు చిన్నప్పుడు స్కూల్లో కళ్లు తిరిగితే ఇదే పట్టారు, నేను లేచి కూర్చున్నాను. ఆ చేత్తోనే ఇప్పుడు మజ్జిగలో రెండు చెంచాలు వేసి కలిపి, కుక్క తలెత్తి నోటి దగ్గర పెట్టబోయారు.

నా ఫోన్ చేతిలోనే ఉంది. తెరమీద పొద్దుటి ఫోటో. కెరటం అంచున నాలుక చాపి నీళ్లు తాగుతున్న బిల్లెట్.

"ఆగు నాన్నా! వాడు పొద్దున్నుంచీ సముద్రం నీళ్లే తాగుతున్నాడు."

"ఏటి మాట్లాడతన్నావ్? సముద్రం నీళ్లు తాగే కుక్కుంటాదేటి? మా ఊరి కుక్కలు ఇంతవరకు తాగలేదు."

"ఇది మీ ఊరి కుక్క కాదు నాన్నా. మరోదా కుక్క!"

ఆయన గిన్నె దించలేదు. నేను ఆయన మణికట్టు పట్టుకున్నాను. నాన్న చెయ్యి పట్టుకుని ఆపడం నా జన్మలో అదే మొదటిసారి. రెండో చేత్తో భిలాయిలోని డాక్టరుకు ఫోన్ చేసి స్పీకర్ నొక్కాను. ఎన్నిసార్లు వాంతి, ఎలా తూలాడు, ఎంతసేపు నీళ్లలో ఉన్నాడు, అన్నీ గబగబా అడిగింది. ఉప్పు మజ్జిగ సంగతి చెప్పగానే దాదాపు అరిచింది.

"అంకుల్‌జీ, నమక్ బిల్కుల్ వద్దు! వాడి ఒంట్లో ఉప్పు ఎక్కువైపోయింది, అందుకే తూలుతున్నాడు. నీడలో ఉంచండి. మంచినీళ్లు కొంచెం కొంచెంగా, పదేసి నిమిషాలకు నాలుగు గుక్కలు, అంతే. గిన్నెడు ఒకేసారి తాగనిస్తే మళ్లీ వాంతి. దీదీ, ఇంట్లో వైద్యం చేస్తూ కూర్చోకండి. దగ్గర్లో పశువుల డాక్టర్ ఎవరుంటే వాళ్ల దగ్గరికి అభీ బయలుదేరండి."

"ఎండ దెబ్బ కాదంటావా తల్లీ? ఈ చేత్తోటి ఎంతమందిని లేపేనో తెల్సా?"

"మనుషుల్ని లేపారు అంకుల్‌జీ. వీణ్ణి లేపదు అది."

నాన్న గిన్నెలోకి చూశారు. తర్వాత కుక్క వైపు చూశారు. బిల్లెట్ ఆ గిన్నెనే చూస్తూ మూతి ముందుకు చాపుతున్నాడు. నాన్న చేతిలోంచి ఏమిచ్చినా వాడు వద్దనడు, మాత్ర అయినా మింగుతాడు. దాహంతో ఉన్నాడు పాపం. నాన్న లేచి, వరండా చివరికి వెళ్లి, మజ్జిగంతా ఇసుకలో పారబోశారు.

విజయనగరానికి గంట పట్టింది. నాన్న వెనక సీట్లో వాడి తల ఒడిలో పెట్టుకుని, తువ్వాలు తడిపి పొట్టకూ పాదాలకూ అద్దుతూ, నేను గుర్తుచేసినప్పుడల్లా నాలుగు గుక్కలు మంచినీళ్లు పట్టారు. శ్రీను భయ్యా హారన్ మీద చెయ్యి తీయలేదు. సీటు పాడైంది, దాని ఊసే ఎత్తలేదు. నీళ్లు పట్టడం కాగానే నాన్న కిటికీలోంచి బయటికి చూసేవారు. అమ్మను ఆస్పత్రికి తీసుకెళ్లిన రోజూ ఆయన ఇలాగే కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. వీడికేమైనా అయితే రేపటి నుంచి ఆయన్ని మంచం మీంచి ఎవరు లేపుతారు? నా భయమంతా అదే. కుక్క కోసం ఎంత ఏడుపొచ్చిందో, నాన్న కోసం అంతకన్నా ఎక్కువ వచ్చింది.

పశువైద్యుడు నెమ్మదైన మనిషి. రక్తం తీసి చూసి, ముందరి కాలికి సూది గుచ్చి సీసా తగిలించారు. ఒంట్లో పెరిగిన ఉప్పును ఒక్కసారిగా దించితే మెదడుకు ప్రమాదమట, అందుకని చుక్కచుక్కగా ఎక్కించాలన్నారు. నాన్న సీసా వైపు అనుమానంగా చూశారు.

"ఇందులోనూ ఉప్పుంటాది కదా బాబూ?"

"ఎంత ఉండాలో చూసుకునే పెట్టానండి. మీరు కూర్చోండి."

నాన్న కుర్చీలో కాదు, నేల మీద, వాడి పక్కన కూర్చున్నారు. చాలాసేపటికి తల ఎత్తకుండానే అడిగారు. "ఉప్పు మజ్జిగ తాగించీసుంటే ఏటయ్యేది?"

డాక్టరు సీసా సరిచేస్తూ, "తాగించలేదు కదండీ" అన్నారు.

"నా చేత్తోటి నానే చంపీసేవోణ్ణి" అని నాన్న మొహం తువ్వాలులో దాచుకున్నారు. ఆయన ఏడవడం అమ్మ పోయినప్పుడు కూడా నేను చూడలేదు. పక్కన కూర్చుని, "పారబోశావు కదా నాన్నా" అన్నాను.

పొద్దు వాలేదాకా అక్కడే ఉన్నాం. ఐదింటికి బిల్లెట్ కళ్లు తెరిచి చుట్టూ చూశాడు. ఆరింటికి లేచి నిలబడ్డాడు, ఈసారి తూలలేదు. బయటికి తీసుకెళ్తే నేరుగా డాక్టరు గారి మోటారు సైకిలు దగ్గరికి నడిచి చక్రం మీద కాలెత్తాడు. నాన్న పకపకా నవ్వారు, డాక్టరు ఇంకా గట్టిగా నవ్వారు. మరుసటి రోజు కూడా చూపించమన్నారు. వాడికి రక్తపరీక్ష, మందులు, మాకు విజయనగరంలో గది, అన్నీ కలిపి ఆరు వేల పైచిలుకు అయింది. ఇలాంటి ప్రయాణానికి కొంత డబ్బు విడిగా ఉంచుకోవడం మంచిది.

మర్నాటి సాయంత్రానికి చింతపల్లికి తిరిగొచ్చాం. సముద్రం వైపు ఇక వెళ్లం అనుకున్నాను. తెల్లవారి చూస్తే నాన్న, బిల్లెట్ ఇద్దరూ తయారై వరండాలో ఉన్నారు. నాన్న భుజానికి ఐదు లీటర్ల మంచినీళ్ల క్యాను, చేతిలో గిన్నె, నడుముకు కుక్క తాడు. "డాక్టర్‌ని అడిగేను. తడి ఇసక మీద నడవొచ్చన్నారు, నీళ్లలోకి ఒగ్గొద్దన్నారు" అన్నారు. తీరానికి వెళ్లకముందే వాడికి నీళ్లు పట్టారు. తర్వాత తడి ఇసుక మీద కాసేపు నడిచి ఆగడం, గిన్నె కింద పెట్టడం, వాడు తాగడం, మళ్లీ నడవడం. వాడు కెరటం వైపు మూతి చాపితే చాలు, "అదొద్దు, ఇది" అని గిన్నె చూపించేవారు. అరగంటలో వెనక్కి వచ్చి, మంచినీళ్లతో ఒళ్లు కడిగి, కాలి వేళ్ల సందుల్లో ఇసుక తీసి, చెవులు పొడిగుడ్డతో తుడిచారు. అప్పుడే నూకరత్నం చేపల పులుసు పెడుతూ ఉప్పు కోసం వెతుకుతోంది. నాన్న సంచీలోంచి స్టీలు డబ్బా తీసి ఆవిడ చేతిలో పెట్టేశారు. "డబ్బా కూడా ఉంచీసుకో" అన్నారు.

తిరుగు ప్రయాణంలో ఎక్కడా ఇబ్బంది పడలేదు. కుక్కతో సముద్రానికి వెళ్లే ఆలోచన మానుకోమని నేననను. ఆ మొదటి గంటలో నాన్న మొహం చూసినవాళ్లెవరూ అలా అనలేరు. అయితే మన కుక్క ఏ నీళ్లకు అలవాటు పడిందో ఆ అలవాటుతోనే అది సముద్రంలోకి దిగుతుందని గుర్తుంచుకోవాలి. మన అలవాట్లు కూడా మన వెంట అక్కడికి వస్తాయి, మాకు వైద్యమైంది వాడికి విషం కాబోయింది. ఒకే ఒక్క సలహా చెబుతాను. ఒడ్డుకు వెళ్లకముందే కుక్కకు దాహం తీరేలా మంచినీళ్లు పట్టి, పావుగంటకోసారి బయటికి పిలిచి మళ్లీ పట్టండి. వాంతి చేసుకుని తూలితే ఏ ఇంటి వైద్యమూ చేయకుండా డాక్టరు దగ్గరికి పరిగెత్తండి.

ఇంటికొచ్చిన రెండో రోజు పొద్దున ముగ్గురం మరోదా వెళ్లాం. బిల్లెట్ గట్టు దిగి నీళ్ల అంచు దాకా పరిగెత్తి, చటుక్కున ఆగిపోయాడు. వెనక్కి తిరిగి నాన్న వైపు చూశాడు. గిన్నె కోసం ఎదురుచూస్తున్నాడని నాకు అర్థమైంది. మా దగ్గర గిన్నె లేదు. నాన్న మోకాళ్లు పట్టుకుని మెల్లగా గట్టు దిగారు. వంగి దోసిలితో చెరువు నీళ్లు తీసుకుని, ముందు తను ఒక గుక్క నోట్లోకి తీసుకుని, నాలుక మీద కాసేపు ఉంచుకుని రుచి చూశారు. తర్వాత ఆ దోసిలి వాడి మూతి ముందు పెట్టారు.

"తాగరా. ఇవి మన నీళ్లే."